పీలింగు షెడ్డులో పరాయి దేశపు గొంతు

ముందే చెప్పేస్తాను. మేస్త్రీ పని అంటే హాజరు వేయడం, తూకం చూడడం, షావుకారు వస్తే లేచి నిలబడడం అనుకుని చేరినవాళ్ళు నెల తిరక్కుండా మానేస్తారు. అవన్నీ ఎవరైనా చేయగలరు. జీడిపప్పు పీలింగు షెడ్డులో మేస్త్రీ చేయాల్సింది వేరే ఉంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కదలకుండా కూర్చుని, ఎండిన పప్పుకు అంటుకున్న ఎర్రటి పొరను గోటితో, చిన్న చాకుతో తీసే ఆడవాళ్ళ చెవులకు మేత వేయాలి. వాళ్ళ చేతులకు పని ఉంటుంది. కళ్ళకు పని ఉంటుంది. చెవులు ఖాళీ. ఖాళీ చెవి ఉన్నచోట తగువు పుడుతుంది.

నేను పలాసలో ఒకే ఫ్యాక్టరీలో పొర తీసే కూలీగా చేరి, మేస్త్రీగా దిగిపోయాను. ఏ ఏడు ఏ కూలి పెరిగిందో రాయను, దానివల్ల ఎవరికీ ఉపయోగం లేదు. నాకు అక్షరాలు పెద్ద వయసులో వచ్చాయి. మా బాప్టిస్టు సంఘంలో పాస్టరమ్మగారు ఆదివారం ఆరాధన అయ్యాక చాప మీద కూర్చోబెట్టి నేర్పారు. అప్పటికే నాకు కోడలు వచ్చింది. అందుకని నా రాతలో సొంపు వెతక్కండి. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అడిగారు, రాస్తున్నాను. ఇప్పుడు పొర తీసే మిషన్లు వచ్చాయి. మిషను వదిలేసిన పొర మాత్రం ఈ రోజుకీ మనిషి గోరే తీయాలి. కాబట్టి ఇది ఇంకా పనికొస్తుంది.

మాట్లాడొద్దన్నావిడ, పాటలు పెట్టినావిడ

నేను చేరినప్పటి మేస్త్రీ షెడ్డులో మాట వినపడకూడదనేది. మాట్లాడితే చెయ్యి ఆగుతుందని ఆవిడ లెక్క. ఆ లెక్క తప్పు. మాట లేని షెడ్డులో మనిషికి నిద్ర వస్తుంది, నిద్ర కళ్ళతో చాకు దిగితే గుండు పప్పు విరిగి బద్దవుతుంది. బద్దయితే ధర పడిపోతుంది. ఆవిడ దగ్గర నేర్చుకున్నది ఒకటే, ఆవిడలా ఉండకూడదని.

నేను మేస్త్రీ అయ్యాక పాటలు పెట్టాను. అది ఇంకో తప్పు. మా షెడ్డులో సగం మంది మా సంఘం వాళ్ళు, సగం మంది ఉద్దానం ఊళ్ళ నుంచి వచ్చే రైతుల ఇళ్ళ ఆడవాళ్ళు. పొద్దున్నే క్రీస్తు పాట పెడితే అటువాళ్ళ మొహాలు ముడుచుకునేవి. మల్లన్న పాట పెడితే ఇటువాళ్ళవి. ఒకరోజు అటు, ఒకరోజు ఇటు అని పంచాను. పంచిన మర్నాటి నుంచీ ఎవరి పాట ఎంతసేపు మోగిందని కొత్త తగువు.

అవి మానేసి ఫోనులో తెలుగు సీరియల్ పెట్టాం. అందరూ ఒక్కటయ్యారు, కాదనను. కానీ కథలో కోడలు ఏడిస్తే షెడ్డంతా చాకులు ఆగిపోయేవి. అత్త చెయ్యెత్తితే ఇక్కడ పప్పులు విరిగేవి. షావుకారు గున్నయ్య బాబు వచ్చి తట్టలో విరిగిన పప్పు చేత్తో ఎత్తి చూపించి, "ఈ కోడలెవతో గాని మార్తమ్మా, నా కొంప ముంచేత్తంది" అన్నాడు. ఆయన కోపిష్టి. అయినా తప్పు లేనిదే అరవడు. ఆ ఒక్క గుణం ఉన్న యజమాని దొరికితే వదలకండి.

పచ్చ చుక్కలు

పార్వతి అని ఒకమ్మాయి ఉండేది, పూండి నుంచి రైలెక్కి పనికి వచ్చేది. ఇంటర్ దాకా చదివింది. ఒకరోజు అన్నాల వేళ నా పక్కన కూర్చుని ఫోను చూపించింది. అందులో గుండ్రంగా భూమి బొమ్మ.

"అత్తా, ఏలెట్టి తిప్పు. తిరిగిపోద్ది."

తిప్పాను. తిరిగింది. సముద్రాలు నల్లగా, నేల మీద పచ్చటి చుక్కలు చల్లినట్టున్నాయి.

"ఈ సుక్కలేటే?"

"ఒక్కో సుక్క ఒక్కో రేడియో. నొక్కితే అక్కడేటి మాటాడతన్నారో ఇనబడతాది."

"ఎప్పుడో మాటాడింది కాదు గదా?"

"ఇప్పుడిదే అత్తా. ఈ సనంలోదే."

నేను నమ్మలేదు. పార్వతి నవ్వి, గోడ పక్కన పేర్చిన, పెంకు తీయని జీడిపిక్కల బస్తాల దగ్గరకు వెళ్ళింది. మన ఉద్దానం పిక్కలు ఫ్యాక్టరీకి ఏడాది పొడుగునా సరిపోవు. ఆఫ్రికా నుంచి ఓడల్లో వస్తాయి. బస్తాల మీద ఏదో రాసి ఉంటుంది, అది ఇంగ్లీషు కాబట్టి నాకు గీతలే. పార్వతి అందులో ఓడ బయల్దేరిన రేవు పేరు చదివి, ఫోనులో భూమిని తిప్పి, ఆ ఒడ్డున ఉన్న ఒక చుక్క మీద వేలు పెట్టింది.

ముందు గరగరమంది. తర్వాత ఒక మగ గొంతు. జలుబు చేసిన గొంతు. ముక్కు ఎగబీల్చి, ఏదో చెప్పి, తనే నవ్వాడు. ఆ గొంతు వెనకాల, దూరంగా, కోడి కూసింది.

అన్నం ముద్దలు పట్టుకున్న చేతులు అలాగే ఉండిపోయాయి. మాకు ఎండ నడినెత్తికి వస్తోంది. అక్కడ ఇంకా పొద్దున్నే. మేం దాటేసిన పొద్దు అక్కడ నడుస్తోంది. మా గోడకు ఆనించి ఉన్న బస్తాలు ఏ ఊళ్ళో కుట్టారో ఆ ఊరి కోడి, మా షెడ్డులో కూసింది.

దాలమ్మ ముందుగా తేరుకుంది. వజ్రపుకొత్తూరు వైపు మనిషి, మొగుడు లేడు, పిల్లలు లేరు. "ఓలమ్మో! ఆళ్ళ కోడీ మన కోడిలాగే కూత్తాది!" అంది.

అందరూ పకపకా నవ్వారు. నాకు నవ్వు రాలేదు, ఒళ్ళు జలదరించింది. పెద్ద వయసులో నా పేరు నేను మొదటిసారి చదువుకున్న రోజున కూడా అలా కాలేదు.

జలుబు బాబు

మర్నాటి నుంచి అదే పెట్టాం. చిన్న స్పీకరు బ్యాటరీతో నడిచేది. అర్థమయ్యే ముక్క ఒక్కటి లేదు. అదే దాని గొప్ప. షావుకారు వచ్చి, "అర్థం కాని రేడియో ఎందుకే మీకు?" అన్నాడు.

"అర్థం కాదు గాబట్టే బాబూ" అన్నాను.

నిజం. అది ఎవరి దేవుడి పాటో మాకు తెలియదు, కాబట్టి తగువు లేదు. కథలో ఎవరు ఏడుస్తున్నారో తెలియదు, కాబట్టి పప్పు విరగదు. గొంతు మాత్రం ఉంది, మనిషి తోడు ఉంది. చాకులు వాటంతట అవి నడిచేవి. కొత్త మేస్త్రీలూ, ఇది రాసి పెట్టుకోండి. పనిచేసే మనిషికి వినోదం కంటే ముందు తోడు కావాలి.

ఆ మనిషికి జలుబు తగ్గిపోయినా పేరు మాత్రం జలుబు బాబనే ఉండిపోయింది. రోజూ అతనే వచ్చేవాడు. కొన్నాళ్ళకు మాట తెలియకపోయినా మనిషి తెలిశాడు. సరుకుల ధరలు చదివేటప్పుడు గొంతు ఒకలా, చావు కబుర్లు చెప్పేటప్పుడు ఇంకోలా, పాట పెట్టే ముందు మరోలా ఉండేది. అతను నవ్వితే మేమూ నవ్వేవాళ్ళం, ఎందుకో తెలియకుండానే.

ఒకరోజు అతను మాట్లాడుతుంటే ఒక్కసారిగా దడదడమని చప్పుడు. రేకుల మీద వాన. పక్క వరసలో పొర తీస్తున్న ఎర్రమ్మ ఒళ్ళోని పప్పు చేట పడేసి, "ఓలమ్మ, పిక్కలు తడిసిపోతన్నాయే!" అంటూ కళ్ళంలోకి పరిగెత్తింది. ఆరబోసిన పిక్కల మీద పట్టా సగం లాగాక తల ఎత్తి చూసింది. మండే ఎండ.

"ఒలే ఎర్రీ, ఆ వాన మనది కాదే!" అని లోపల్నుంచి అరిచారు.

ఎర్రమ్మ వచ్చి కూర్చుని పడేసిన చేట ఎత్తుకుంది. తర్వాత, "మనది కాపోతే ఏటి, ఇన్నాం గదా" అంది. ఆ రోజు షెడ్డులో చల్లగా ఉందని అందరికీ అనిపించింది. నాకూ అనిపించింది. ఎలాగంటే నాకు తెలియదు.

పని మానేశాక ఇప్పుడు నా ఇంట్లో టీవీకి కూడా నెట్టు పెట్టించుకున్నాను. ఒక చలిదేశం వాళ్ళు రైలు ముందు కెమెరా కట్టి, మంచులో పోతున్న దారిని గంటలకు గంటలు చూపిస్తారు. కథ లేదు, మాట లేదు. మా వదిన మొదటిసారి చూసి, "పూండి టేసన్ ఎప్పుడొస్తాదే?" అని అడిగింది. నవ్వానే గానీ నేనూ అదే చూస్తున్నాను. ఏదో ఒక మలుపులో మన కొబ్బరి చెట్టు కనబడుతుందేమోనని. నేనీ భూమి మీద ఎన్నో ఏళ్ళుగా ఉన్నాను, అది ఎంత ఉందో ఇప్పుడే చూస్తున్నాను.

చేటలు బోర్లించాం

ఇక అసలు సంగతి. జలుబు బాబు గొంతు అలవాటయ్యాక ఒక వారం పెద్ద ఆర్డరు వచ్చింది. శనివారానికి గుండు పప్పు డబ్బాలకెక్కాలి. షావుకారు రెండు పూటలా వచ్చి చూసి పోతున్నాడు. అదే వారం జలుబు బాబు రావడం మానేశాడు. అతని చోట ఎవరో ఆడపిల్ల మాట్లాడుతోంది. మొదటిరోజు ఎవరూ పట్టించుకోలేదు. రెండోరోజు దాలమ్మ అడిగింది, "పిల్లా, ఈడేడే?" మూడోరోజు పొద్దున రేడియోలో ధరలూ లేవు, నవ్వులూ లేవు. చాలామంది కలిసి మెల్లగా పాడుతున్న పాట. పాట ఆగాక ఆ ఆడపిల్ల మాట్లాడింది. మధ్యలో ఏడుపు వచ్చేసింది. ఆగి, మళ్ళీ మొదలుపెట్టింది.

భాష రానక్కర్లేదు, ఆ ఆగడం ఎవరికైనా అర్థమవుతుంది.

మా షెడ్డులో ఒక ఆనవాయితీ ఉంది. తోటి కూలీ ఇంట్లో చావు జరిగితే, కబురు తెలిసిన వెంటనే అందరం చేటలు బోర్లిస్తాం. కాసేపు పప్పు ముట్టకుండా కూర్చుంటాం. తర్వాత చేతులు కడుక్కుని పనిలో పడతాం. ఏ షావుకారూ దానికి అడ్డు చెప్పలేదు.

దాలమ్మ తన చేట బోర్లించింది.

"అదేటే దాలమ్మా?" అన్నాను.

"జలుబు బాబు పోనాడు వదినా."

"ఎర్రిదానా, నీకేటవుతాడే ఆడు? మొకమైనా సూసినావా?"

"మొకం సూడనేదు. రోజూ నా పక్కన కూకున్నాడు గదా."

ఎర్రమ్మ బోర్లించింది. పార్వతి బోర్లించింది. తర్వాత వరస వరసా బోర్లించేశారు, ఎండుటాకులు రాలిన చప్పుడు. నేను మేస్త్రీని, ఆర్డరు నా నెత్తి మీద ఉంది. లేపాలి. లేపలేదు. నిలబడ్డదాన్ని కూర్చున్నాను.

సరిగ్గా అప్పుడే షావుకారు వచ్చాడు. వరసలన్నీ చూసి గొంతు తగ్గించి, "ఎవరింట్లో?" అన్నాడు. చెప్పాను. ఆయన ముందు స్పీకరు వైపు చూశాడు, తర్వాత నా వైపు.

"రేడియోలో మనిసా? ఆఫ్రికాలోనా? ఆర్డరు కాలం ముంచుకొచ్చేత్తంటే, మీరు రేడియో మనిసికి మైల పట్టినారా!" షెడ్డు అదిరిపోయింది. "ఎవర్తి మొదలెట్టింది?"

దాలమ్మ లేచి నిలబడింది.

"సోమవారం నుంచి నువ్వు కటింగుకి పో" అన్నాడు.

కటింగు అంటే తెలియనివాళ్ళకు చెబుతాను. పచ్చి పిక్క పెంకు కొట్టి పప్పు బయటికి తీసే చోటు. పెంకులోని జీడి చమురు చేతుల్ని కాలుస్తుంది. ఆముదం ఎంత పూసినా వేళ్ళ చర్మం నల్లబడి ఊడుతుంది. దాలమ్మ అక్కడ చాలా ఏళ్ళు చేసి, అతి కష్టం మీద పీలింగుకు మారిన మనిషి. ఆ వేళ్ళు ఇప్పుడిప్పుడే మామూలు రంగుకు వస్తున్నాయి. అన్నం ముద్ద నోటికి ఎత్తితే చేదు తగలడం లేదని నాతో చెప్పుకుని మురిసింది.

ఫోను

యజమాని కోపంలో ఉన్నప్పుడు కాళ్ళు పట్టుకోకండి, అప్పుడు ఇంకా కోపం వస్తుంది. ఆయనకు చేయడానికి ఒక పని ఇవ్వండి. నేను అన్నాను, "బాబూ, పిక్కలు కొని పంపే మీ ఏజెంటు ఆ రేవులోనే ఉన్నాడు గదా. ఆడికి ఫోను సెయ్యండి. సావు అబద్ధమైతే, దాలమ్మతో పాటు నన్నూ కటింగుకి పంపండి."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. నన్ను ఓడిద్దామనే చేశాడనుకుంటాను. మా అందరి ముందే వీడియో ఫోను చేశాడు. తెరమీద టోపీ పెట్టుకున్న నల్లటి మనిషి. అతని వెనక బస్తాలు, మా గోడ పక్కన ఉన్నవాటి లాంటివే, అవే గీతలు. వాటి మీద లేత ఎండ. ఇద్దరూ ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు. షావుకారు మొహంలో నవ్వు మొదలైంది, మధ్యలో ఆగిపోయింది.

"మీ వోడు బతికే ఉన్నాడు" అన్నాడు.

షెడ్డంతా ఊపిరి వదిలింది. దాలమ్మ మొహం మీద కొంగు కప్పుకుంది. తనకు కటింగు ఖాయమైందన్న ధ్యాసే లేదు ఆ మనిషికి. కొంగు తీసి అడిగింది.

"మరి ఆ పిల్ల ఎందుకు ఏడ్సింది బాబూ? పోనోలు ఎవరు?"

షావుకారు ఫోను కాస్త దించాడు. "ఆడి తల్లి."

ఫోనులో ఏజెంటు ఏదో అడిగాడు. షావుకారు జవాబు చెప్పకుండా ఫోను మా వైపు తిప్పాడు. వరసల్లో కూర్చున్న ఆడవాళ్ళు, ముందు బోర్లించిన చేటలు. షావుకారు ఇంగ్లీషులో రెండు ముక్కలు చెప్పాడు. ఆ మనిషి మెల్లగా టోపీ తీశాడు. తెర దగ్గరకు వచ్చి మాతోనే ఏదో అన్నాడు. అది షావుకారు తెలుగులో చెప్పలేదు. మేం అడగలేదు.

ఫోను జేబులో పెట్టుకుని, "పని సూడండి" అని వెళ్ళిపోయాడు. కటింగు మాట ఉందని అనలేదు, లేదని అనలేదు. మేం చేతులు కడుక్కున్నాం. శనివారానికి పప్పు డబ్బాలకెక్కింది.

ఆదివారం ప్రార్థన మనవులు చెప్పే వేళ నేను లేచి, ఒకాయన తల్లి చనిపోయిందని చెప్పాను. పాస్టరుగారు పేరు అడిగారు. తెలియదన్నాను. ఊరు? పలకడం రాదన్నాను. ఎవరో వెనక కిసుక్కుమన్నారు. పాస్టరుగారు నవ్వలేదు. "పేరు నీకు తెలుసు ప్రభువా" అని ప్రార్థన చేశారు. అదే పూట దాలమ్మ రావివలస వెళ్ళి ఎండల మల్లన్న దగ్గర దీపం పెట్టి వచ్చిందట. పాటల దగ్గర ఒక్కటి కాని మేం, ఎవరికీ తెలియని ఒక ముసలమ్మ దగ్గర ఒక్కటయ్యాం.

సోమవారం

సోమవారం పొద్దున్న దాలమ్మ చేతిలో ఆముదం సీసాతో, పాత గుడ్డతో వచ్చింది. పీలింగుకూ కటింగుకూ మధ్య ఉన్న గుమ్మంలో నిలబడింది. అటు వెళ్ళమని నేను అనలేను. ఇటు రమ్మనే అధికారం నాకు లేదు. ఆమె చేట వరసలో ఖాళీగా ఉంది. ఎవరూ అటు జరిగి కూర్చోలేదు. స్పీకరు పెట్టడానికి నాకు మనసు రాలేదు.

షావుకారు వచ్చాడు. గుమ్మంలో ఉన్న మనిషిని దాటుకునే లోపలికి రావాలి. దాటాడు. సీసా చూశాడు. వరసల మధ్య ఆ చివరి దాకా నడిచి, వెనక్కి వచ్చి, నన్ను అడిగాడు.

"ఏటి మార్తమ్మా, రేడియో పెట్టనేదేటి?"

అంతే. అంతకంటే ఏ యజమానీ చెప్పడు. అన్న మాట వెనక్కి తీసుకుంటున్నానని చెప్పే యజమానిని నేను నా సర్వీసులో చూడలేదు. అలాంటప్పుడు తిరిగి అడగకండి, దండాలు పెట్టకండి, అడిగింది చేయండి. నేను కళ్ళతో సైగ చేస్తే దాలమ్మ వచ్చి తన చేట ముందు కూర్చుంది. పార్వతి చుక్క నొక్కింది.

అతనే. గొంతు బాగా బొంగురుపోయి ఉంది. మెల్లగా మాట్లాడుతున్నాడు, మధ్య మధ్య ఆగుతున్నాడు. షావుకారు వెళ్ళకుండా గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. ఏజెంటు అతనికి చెప్పి ఉంటాడు, ఇప్పటికీ నేను అదే అనుకుంటాను. ఎందుకంటే, ఒక్క ముక్క తెలియని ఆ మాటల వరదలో, స్పష్టంగా, మన రైల్వే స్టేషన్లో మైకులో చెప్పినట్టు, "పలాస" అని వినపడింది.

చాకులు ఆగాయి. అతను మళ్ళీ అన్నాడు. "పలాస". తర్వాత ఆగిపోయాడు. సముద్రం అవతల ఒక గదిలో ఒక మనిషి మాట కోసం తడుముకుంటున్నాడు, ఇక్కడ షెడ్డంతా వింటోంది.

దాలమ్మ స్పీకరు వైపు వంగింది.

"సెప్పు నాయినా" అంది. "ఇక్కడే ఉన్నాం. ఇంటన్నాం."